తక్కెడ ఎవరి చేతిలో ఉంది?



పొదిలిలో హాస్టల్ పిల్లలం మేము. చుట్టూ మిర్చి, పత్తి చేలు. పెట్టుబడికి అప్పిచ్చినాయన దగ్గరికే పంట పోతుంది, రేటు కూడా ఆయనే చెప్తాడు. ఇది కొత్త కథ కాదు. శ్రీకాకుళం కొండల్లో మనవాళ్లు ఎప్పుడో పడ్డ బాధే.

అక్కడ సవరలు, జాతాపులు చింతపండు, కందులు మోసుకొని సంతకి దిగేవాళ్లు. షావుకారు పాత బాకీ కింద రాసుకొని తన తూకానికే తీసుకునేవాడు. బాకీ తీరకపోతే భూమి పోయేది. సరుకు న్యాయంగా కొనాలని 1956లోనే గిరిజన సహకార సంస్థ పెట్టారు. అయినా అప్పు, భూమి షావుకారు గుప్పిట్లోనే ఉండిపోయాయి. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర, సభకి పోతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడి నుంచి పోరాటం తుపాకుల దాకా పోయింది.

ఆ తర్వాతే 1970లో 1/70 వచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని. అటవీ ఉత్పత్తుల వ్యాపారం మీద 1979లో ఇంకో రెగ్యులేషన్ తెచ్చారు.

మనకి అర్థమయ్యేది ఒకటే. కొనే సంస్థ ఒక్కటీ ఉంటే చాలదు. అప్పు, భూమి, తూకం మూడూ కలిసి మారాలి.

పొదిలి షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, 1/70 ఇక్కడ వర్తించదు. అందుకే ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నల్ని మూడు అడుగుదాం: పట్టా ఎవరి పేరున ఉంది? వడ్డీ ఎంత? తూకం చీటీ ఎవరి దగ్గరుంది? చదువుకున్నది మనమే కదా, ఆ చీటీ మనమే చదవాలి.