పుస్తకానికి చోటెక్కడ?

స్వర్ణోత్సవ వేళ బడికి ఏదైనా ఇవ్వాలనుకునే పూర్వ విద్యార్థులకు మొదట తోచేది పుస్తకాలే. ఇవ్వడం తేలిక. ఇచ్చినవాటిని ఒక వరుసలో పెట్టి, అడిగిన పిల్లలకు వెంటనే అందించడమే కష్టం. ఆ కష్టాన్ని తీర్చడానికి పుట్టిన విద్యే గ్రంథాలయ వర్గీకరణ. అందులో మన తెలుగుకు, మన ఓరుగల్లుకు దక్కిన చోటేమిటో చెప్పుకుందాం.

నిజాం ఏలుబడిలో పాలనకూ పైచదువులకూ ఉర్దూయే భాష. తెలుగు చదవాలన్న కోరిక ఉన్నవారికి గ్రంథాలయాలే ఆసరా అయ్యాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1904లో మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడింది. తర్వాత వరంగల్ మట్టెవాడలో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం వచ్చింది. ఒక పేరు నన్నయ చేత భారతం రాయించిన రాజుది. మరొకటి వ్యాకరణాన్ని తలపిస్తుంది. మూడింటినీ కలిపే మాట ‘భాషానిలయం’, అంటే భాష ఉండే ఇల్లు. ఇల్లన్నాక ఏ వస్తువు ఎక్కడుందో ఇంటివారికి తెలియాలి.

పూర్వం చాలా గ్రంథాలయాల్లో పుస్తకానికి స్థిరమైన స్థానం ఉండేది. ఫలానా బీరువా, ఫలానా అర, అందులో ఎన్నోది అని రాసి ఉంచేవారు. అర నిండాక అదే విషయం మీద కొత్త పుస్తకం వస్తే అది వేరే గదికి పోవలసిందే. ఈ చిక్కును విప్పినవాడు అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ. 1876లో అతడు ప్రచురించిన దశాంశ పద్ధతి అంకెను బీరువాకు కాక పుస్తకంలోని విషయానికి ఇచ్చింది. జ్ఞానమంతటినీ 10 తరగతులుగా, వాటిని 100 భాగాలుగా, మళ్ళీ 1000 విభాగాలుగా పంచింది. కొత్త పుస్తకం వస్తే పాతవాటిని కాస్త పక్కకు జరిపితే చాలు, తన తోటివాటి మధ్యే నిలబడుతుంది.

అయితే ఆ అంకెలు వేసినవాడి కళ్ళకు కనిపించిన లోకం వేరు. సాహిత్యానికి 800 కేటాయించి, అమెరికా సాహిత్యానికి 810, ఇంగ్లిషుకు 820, జర్మనుకు 830, ఫ్రెంచికి 840 ఇచ్చాడు. తక్కిన భాషల్లో చాలా వరకు 890లోనే సర్దుకోవాలి. తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. మతాల సంగతీ అంతే. 220 నుంచి 280 వరకు క్రైస్తవానికి పోగా, తక్కిన మతాలన్నిటికీ 290 మిగిలింది. ఎంతో సాహిత్యమున్న భాషకు అంత పొడుగు అంకె ఎందుకు వచ్చిందో పిల్లలకు చెబితే అది ఒక మంచి చరిత్ర పాఠమవుతుంది.

దీనికి మన దక్షిణాది నుంచే ఒక జవాబు వచ్చింది. గణితం బోధించే ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడయ్యారు. లండన్‌లో ఒక దుకాణంలో చూసిన మెకానో బొమ్మ ఆయనకు దారి చూపింది. కొన్ని ముక్కలనే రకరకాలుగా బిగించి కావలసిన బొమ్మ చేసుకోవచ్చు కదా! అలాగే విషయాన్ని కూడా ముక్కలుగా విడదీసి, మళ్ళీ కలిపి సంఖ్య కట్టవచ్చని గ్రహించారు. 1933లో ద్విబిందు వర్గీకరణ అచ్చయింది. అందులో తెలుగుకు 35 అనే పొట్టి సంఖ్య దక్కింది. కవిత్వానికి 1, నాటకానికి 2, కథాసాహిత్యానికి 3. ఏ గ్రంథాలయమైనా తనకు ముఖ్యమైన భాషకు అంకె బదులు ఒక చిన్న గీత పెట్టుకోవచ్చు. తెలుగు గ్రంథాలయంలో తెలుగు ‘ఇతర’ భాష కాదు.

ఏ పద్ధతి వాడినా గ్రంథపాలకుడికి ఆలోచన తప్పదు. మన బమ్మెర పోతన భాగవతాన్నే తీసుకోండి. అది పురాణమా, తెలుగు కావ్యమా? డ్యూయీ లెక్కలో పురాణమైతే 294.5925, కావ్యమైతే 894.827. వేయిస్తంభాల గుడి మీద పుస్తకం చరిత్రలో ఉండాలా, 726 కింద ఆలయ వాస్తులో ఉండాలా? అరలో పుస్తకానికి ఒక్కటే చోటు. అందుకే కేటలాగు కావాలి. అందులో ఒకే పుస్తకానికి రచయిత పేరుతో, గ్రంథం పేరుతో, ఒకటికి మించిన విషయాలతో కార్డులు రాయవచ్చు. భక్తి కోసం వెతికేవారు, ఛందస్సు కోసం వెతికేవారు కూడా చివరికి పోతన దగ్గరికే చేరతారు.

ఈ చరిత్ర నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. పుస్తకాలతో పాటు వాటిని వర్గీకరించే శ్రమను కూడా బడికి కానుకగా ఇవ్వాలి. లేకపోతే మనమిచ్చిన పెట్టెలు తాళం వేసిన బీరువాల్లోనే ఉండిపోతాయి. వరంగల్‌లో గ్రంథాలయ శాస్త్రం చదివిన పూర్వ విద్యార్థులు సెలవుల్లో కొన్ని రోజులు ఇవ్వగలిగితే చాలు. వెన్ను మీద సంఖ్య వేసి, రిజిస్టరులో ఎక్కించి, కంప్యూటరులోనో కార్డుల మీదో కేటలాగు తయారు చేయవచ్చు. పై తరగతుల పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుంటే వారికీ ఆ పని పట్టుబడుతుంది. ఓరుగల్లు చరిత్ర, కవులు, జానపదం, పండుగలపై వచ్చిన పుస్తకాలు వేర్వేరు సంఖ్యల కింద చెదిరిపోతాయి కాబట్టి, వాటన్నిటికీ ‘మన ఊరు’ అని విడిగా ఒక జాబితా ఉంచడం మేలు.

పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలన్నది 1931లో రంగనాథన్ చెప్పిన అయిదు సూత్రాల్లో ఒకటి. మన బడిలో ఆ పాఠకుడు ఏడో తరగతి పిల్లవాడు. పది నిమిషాల విరామంలో వచ్చి అడుగుతాడు. గంట కొట్టేలోగా పుస్తకం అతని చేతిలో ఉండాలి.