గార్డెన్ ట్రాక్టరు ఇంజను పునర్నిర్మాణం

గార్డెన్ ట్రాక్టరు ఇంజను పునర్నిర్మాణం అనగా చాలాకాలం వాడుటవలన అరిగిపోయిన చిన్న ట్రాక్టరు ఇంజనును పూర్తిగా విప్పి, భాగములను శుభ్రపరచి, కొలిచి, అరిగినవాటిని మార్చి లేదా లేతు షెడ్డులో సరిచేయించి, తిరిగి బిగించుట. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చాలామంది ఈ పనిని తమ ఇంటి గ్యారేజీలోనే చేసుకొందురు. ఇంజన్లు అనేక రకములు కనుక, ఈ వ్యాసంలో పాత గార్డెన్ ట్రాక్టర్లలో విరివిగా కనిపించే కోహ్లర్ కె-301 ఇంజనును ఉదాహరణగా తీసుకొనడమైనది.

నేపథ్యం

రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా నగర శివార్లలో విశాలమైన ఆవరణ గల ఇళ్ళు పెరిగినవి. వాటి పచ్చిక కోయుటకు, పెరటి తోట దున్నుటకు, చలికాలంలో దారిమీది మంచు నెట్టుటకు ఒక చిన్న ట్రాక్టరు అవసరమైనది. ఇండియానా రాష్ట్రంలో 1946లో మొదలైన వీల్ హార్స్, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1961లో ప్రవేశపెట్టిన కబ్ కేడెట్ ఈ కోవకు చెందినవి. మొదటి కబ్ కేడెట్‌లో 7 అశ్వశక్తి గల కోహ్లర్ ఇంజను ఉండెడిది. తరువాతి నమూనాలలో 10, 12, 14, 16 అశ్వశక్తుల ఇంజన్లు వచ్చినవి. వీటిలో 12 అశ్వశక్తిది కె-301.

కోహ్లర్ పేరు తెలుగువారికి స్నానాల గది కుళాయిల ద్వారానే ఎక్కువగా పరిచయం. విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఆ సంస్థయే ఈ ఇంజన్లను కూడా తయారుచేసినది. కబ్ కేడెట్ 1981లోను, వీల్ హార్స్ 1986లోను చేతులు మారినవి. కోహ్లర్ ఇంజన్ల విభాగం 2024లో మాతృసంస్థ నుండి వేరుపడి రెల్కో అను పేరు పొందినది. కె శ్రేణి ఉత్పత్తి ఆగి చాలా ఏళ్ళయినది. పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్లు ఇప్పటికీ దొరకును గాని, కొత్త సిలిండరు బ్లాకు దొరకుట కష్టం. అందువలన ఈ పనిలో అన్నిటికంటె విలువైనది బ్లాకు. దానిని పగలగొట్టుకొనకుండుటయే ఇందులోని ప్రధాన జాగ్రత్త.

తెలుగు రాష్ట్రాలలో ఈ రకం ట్రాక్టర్ల వాడుక అరుదు. ఇక్కడ చిన్న కమతాలలో కనిపించేవి పవర్ టిల్లర్లు, మినీ ట్రాక్టర్లు. అవి చాలావరకు డీజిలుతో నడచును. అయినను సిలిండరును బోరు చేయించు ఇంజన్లలో ఆ పద్ధతి చాలావరకు ఒక్కటే.

ఇంజను నిర్మాణం

కె-301 ఒకే సిలిండరు గల, గాలిచే చల్లబడే, నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజను. సిలిండరు వ్యాసం 3.375 అంగుళాలు, స్ట్రోకు 3.25 అంగుళాలు, ఘనపరిమాణం సుమారు 476 ఘన సెంటీమీటర్లు. గరిష్ఠ వేగం నిమిషానికి 3600 చుట్లు. వాల్వులు హెడ్డులో కాక, సిలిండరు ప్రక్కన బ్లాకులోనే ఉండును. కనుక హెడ్డు కేవలం రెక్కలు గల ఒక మూత వంటిది.

దీని నిర్మాణంలో రెండు అంశములు ముఖ్యం. మొదటిది, బ్లాకు పోత ఇనుముతో చేసినది, సిలిండరు అందులోనే తొలచబడినది; విడిగా లైనరు లేదు. అరిగినప్పుడు దానిని పెద్దదిగా తొలిచి పెద్ద పిస్టను వేయవచ్చును. రెండవది, కనెక్టింగు రాడు అల్యూమినియముతో చేసినది. అది బేరింగు షెల్లులు లేకుండా నేరుగా క్రాంకు పిన్నుపై తిరుగును. ఆయిలు పంపు కూడా లేదు. రాడు అడుగున ఉన్న చిన్న గరిటె వంటి భాగం ఆయిలును చిమ్మును, ఆ తుంపరలే అన్ని భాగాలకు చేరును. ఆయిలు మట్టం తగ్గితే మొదట దెబ్బతినేది రాడు. పూర్తి వేగంలో రాడు విరిగిన, దాని ముక్క బ్లాకు గోడను చీల్చుకొని బయటపడును.

లోపమును గుర్తించుట

నీలిరంగు పొగ, ఆయిలు త్వరగా తరిగిపోవుట, బరువు పడగానే వేగం తగ్గుట అరుగుదలకు గుర్తులు. మన మెకానిక్కులు దీనినే ఇంజను బోరుకు వచ్చినదని అందురు. అయితే కంప్రెషన్ గేజి చూచి నిర్ణయానికి వచ్చుట ఈ ఇంజను విషయంలో పొరపాటు. సులభంగా స్టార్టగుటకై కామ్ షాఫ్టుపై ఒక ఏర్పాటు ఉన్నది. అది తక్కువ వేగంలో వాల్వును కొద్దిగా తెరచి ఒత్తిడిని వదలివేయును. అందుచేత మంచి ఇంజనులో కూడా గేజి తక్కువగానే చూపును. స్పార్కు ప్లగ్గు తీగ తీసివేసి, ఫ్లైవీలును చేతితో వెనుకకు త్రిప్పి చూడవలెను. అది గట్టిగా ఎదురుతన్నినచో కంప్రెషన్ బాగున్నట్లే.

విప్పుట

మొదట బ్యాటరీ తీగలు, ప్లగ్గు తీగ తొలగించి, పెట్రోలును, ఆయిలును దించివేయవలెను. పాత ఇంజన్ల గ్యాస్కెట్లలో ఆస్బెస్టాసు ఉండే అవకాశం కలదు కనుక వాటిని పొడిగా గీకి దుమ్ము లేపరాదు, తడిపి తీయవలెను. రేకు కవచం విప్పగానే చాలా ఇంజన్లలో రెక్కల మధ్య ఎండు గడ్డి, ఒక్కొక్కప్పుడు ఎలుక గూడు కనిపించును. అనేక ఇంజన్లు వేడెక్కి పాడగుటకు కారణం ఇదే.

ఫ్లైవీలును పుల్లరుతోనే తీయవలెను. షాఫ్టు కొనపై సుత్తితో కొట్టరాదు. రాడు, దాని మూత ఒకదానికొకటి జతగా తయారైనవి. వాటిపై గల గుర్తులను విప్పకముందే చూచుకొనవలెను.

కొలుచుట

ఇంటిలో జరుగు పునర్నిర్మాణములు విఫలమగుట ఎక్కువగా ఈ దశలోనే. పిస్టను బయటకు రాగానే కొత్త రింగులు తెచ్చి వేసి బిగించివేయు వారు చాలామంది. సిలిండరు సమంగా అరగదు. రింగులు ఆడు భాగంలో పైవైపు ఎక్కువగాను, క్రింద తక్కువగాను అరుగును. పిస్టను ఒక ప్రక్కకు ఒత్తుటవలన గుండ్రదనం కూడా పోవును. అటువంటి రంధ్రంలో కొత్త రింగు ప్రతి స్ట్రోకునకు తెరచుకొనుచు, మూసుకొనుచు ఉండును. కొంతకాలానికే పొగ తిరిగి వచ్చును. కనుక సిలిండరును పైన, మధ్యన, క్రింద, ప్రతిచోట రెండు అడ్డు దిక్కులలో, మొత్తం ఆరు కొలతలు తీయవలెను. వీటి తేడా తయారీదారు పుస్తకంలోని హద్దు దాటినచో బోరు చేయించక తప్పదు.

కొలతలను అంగుళంలో వెయ్యోవంతులలో చెప్పుదురు. మన లేతు షెడ్లలో దీనిని థౌ అందురు. ఒక థౌ 0.0254 మిల్లీమీటర్లకు సమానం. పెద్ద పిస్టన్లు 10, 20, 30 థౌల చొప్పున దొరకును. అనగా ఒక బ్లాకును సాధారణంగా మూడుసార్లకు మించి బోరు చేయించలేము. 10తో సరిపోవుచోట 30 చేయించుట బ్లాకు ఆయుష్షును వృథా చేయుటయే. పిస్టను చేతికి వచ్చిన తరువాతనే, దానిని కొలిచి, ఆ కొలతకు బోరు చేయవలసినదిగా షెడ్డువారికి చెప్పవలెను.

క్రాంకు పిన్ను కొత్తదైనప్పటి వ్యాసం 1.5 అంగుళాలు. రాడు పట్టివేసిన ఇంజన్లలో పిన్నుపై అల్యూమినియం అంటుకొని ఉండును. కాస్టిక్ సోడా ద్రావణం అల్యూమినియమును కరగించును గాని ఇనుమును ముట్టదు. కళ్ళద్దాలు, చేతితొడుగులు ధరించి, ఇతర అల్యూమినియం భాగాలకు తగలకుండా ఈ పని చేయవలెను. శుభ్రమైన తరువాతనే మైక్రోమీటరుతో కొలత తీయవలెను. పిన్ను అరిగినచో 10 థౌ మేర గ్రైండింగు చేయించి, అందుకు తగిన చిన్న రంధ్రపు రాడు వేయుదురు. రాడుకు, పిన్నుకు మధ్య ఖాళీ 1 నుండి 2 థౌలు మాత్రమే ఉండవలెను. అరిగిన పిన్నుపై మామూలు కొలత కొత్త రాడు వేయుట, బ్లాకును పోగొట్టుకొను తిన్నని మార్గం.

బ్యాలెన్సు గేర్లు

అదురును తగ్గించుటకు కొన్ని కె-301 ఇంజన్లలో క్రాంకుకు ఎదురు దిశలో తిరుగు రెండు గేర్లు అమర్చబడినవి. వాటి బేరింగులు అరిగి గేరు ఊడినచో లోపలనే బ్లాకు పగులును. అందువలన పునర్నిర్మాణ సమయంలో వీటిని తీసివేయుట చాలామంది అలవాటు. అదురు కొంత పెరుగును గాని, దొరకని బ్లాకుకు కలుగు అపాయంతో పోల్చినచో అది భరించదగినదే.

శుభ్రపరచి బిగించుట

బోరింగు, హోనింగు తరువాత సిలిండరు గోడలలో సానరాతి రజను మిగులును. కిరోసిను లేదా పెట్రోలుతో అది పోదు. సబ్బు కలిపిన వేడినీటితో బ్రష్షు వేసి, తెల్లని గుడ్డతో తుడిచినప్పుడు మరక అంటనంతవరకు కడగవలెను. వెంటనే ఆరబెట్టి ఆయిలు పూయవలెను, లేనిచో నిమిషాలలో తుప్పు పట్టును. ఈ ఒక్క పని మానివేయుటవలన కొత్త రింగులు కొద్ది గంటలలోనే అరిగిపోయిన ఇంజన్లు ఎన్నో.

ప్రతి రింగును ముందుగా ఒంటరిగా సిలిండరులో పెట్టి కొనల మధ్య ఖాళీని ఫీలరు గేజితో చూడవలెను. కొత్తగా బోరు చేసిన సిలిండరులో ఇది 10 నుండి 20 థౌల మధ్య ఉండవలెను. రాడు, మూతలపై గుర్తులు కలిసి ఫ్లైవీలు వైపునకు ఉండునట్లు అమర్చి, బోల్టులను టార్కు రెంచితో పుస్తకంలో చెప్పిన మేరకే బిగించవలెను. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. వాల్వుల ఖాళీ, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, లోనికి పీల్చు వాల్వుకు 8 నుండి 10 థౌలు, పొగ వదలు వాల్వుకు సుమారు 17 నుండి 19 థౌలు. కాంటాక్టు పాయింట్ల ఖాళీ 20 థౌలు, స్పార్కు ప్లగ్గుది 35 థౌలు. హెడ్డు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, పలు దఫాలలో బిగించుదురు.

స్టార్టు చేయుట

ఆయిలు పోయుట మరువరాదు. అంతకంటె సులభంగా మరచిపోవునది గవర్నరు. దాని చేతికర్రను కార్బురేటరుకు సరిగా కలపనిచో, స్టార్టగుటతోడనే ఇంజను వేగం అదుపు తప్పి కొత్త రాడు మొదటి నిమిషంలోనే విరుగవచ్చును. కనుక థ్రాటిలు తీగ స్వేచ్ఛగా ఆడుచున్నదో లేదో చూచి, ఇంజనును వెంటనే ఆపుటకు వీలుగా స్విచ్చిపై ఒక చేయి ఉంచుకొనవలెను. ఆ సమయంలో ఫ్లైవీలుకు ఎదురుగా ఎవరూ నిలువరాదు.

మొదటి 5 గంటల నడక తరువాత ఆయిలును మార్చవలెను. దానిని తెల్లని పళ్ళెంలోనికి దించి చూచినచో లోపలి సంగతి తెలియును. తొలిసారి సన్నని మెరుపు కనిపించుట సహజం. రేకుల వలె అల్యూమినియం తునకలు కనిపించినచో ఇంజనును మరల నడపక, అడుగు పళ్ళెమును విప్పి రాడును పరీక్షించవలెను.