అంగడి యెచట నుండవలెను?



అంగడిలో సరకు మంచిదా, ధర సరసమా యని విచారించువారు పెక్కుమంది. ఆ యంగడి యెచట నున్నదని విచారించువారు అరుదు. బీదవాడు నడచి చేరలేని అంగడిలో ధర యెంత తగ్గినను వానికేమి లాభము? ఈ చిక్కు నేటిది కాదు.

మన సీతారామపురమునకు పొరుగుననున్న ఉదయగిరి దుర్గమును కృష్ణదేవరాయలు గజపతులనుండి జయించిన సంగతి మీరెఱిగినదే. ఆ రాయల కాలమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేయిసు, అచట దినమున కొక్కొక్క భాగమున సంత జరుగుచుండెనని వ్రాసియున్నాడు. అంత విశాలనగరమున సంత యొక్కచోటనే నిలిచియుండినచో, దూరపు పేటలవారు పప్పునకై పూట చెరుపుకొనవలసి వచ్చెడిది.

ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున నేతగాండ్రు మొదలగు శ్రామికులు 1844లో తలకొంత సొమ్ము వేసికొని, ఒక గిడ్డంగి క్రిందిభాగమును బాడుగకు పుచ్చుకొని, వెన్న, చక్కెర, పిండి అమ్మిరి. ఆ దారినే 1904లో చెన్నపట్టణపు తిరువల్లిక్కేణిలో సహకారసంఘము పుట్టినది. మన నెల్లూరు మండలము అప్పుడా రాజధానిలోనిదే. ఆ సంఘము ఒక్క కొట్టుతో తృప్తిచెందక నగరములోని ఇతర పేటలందును శాఖలు తెరచెను. వెచ్చములు ఇంటిచేరువకు వచ్చినవి.

1999 జనవరి 26న మన రాష్ట్రమున రైతుబజారు లారంభమైనవి. వానికి ఎకరమునకు తగ్గని ప్రభుత్వస్థలము, రాకపోకల సౌకర్యము ఉండవలెనని నియమించిరి. అయితే యిరుకు పేటలలో ఎకరము దొరకుట కష్టము, ఊరివెలుపల సులభము. స్థలము దొరకినదిగదా యని అచటనే కట్టినచో, కూరల ధరలో మిగిలినది బండిబాడుగకు సరిపోవును.

2021లో ప్రభుత్వము 9,260 బండ్లను చౌకబియ్యముతో వీథులకు పంపెను. 2025 జూను 1 నుండి మరల అంగళ్ళలోనే యిచ్చుట మొదలుపెట్టి, అరువదియైదేండ్లు దాటినవారికిని వికలాంగులకును మాత్రము ఇంటికి చేర్చు నేర్పాటు చేసిరి. బండి వచ్చు వేళ కూలివాడు ఇంట నుండడు. అంగడి దూరమైన ముసలివాడు పోలేడు. రెంటిని సమన్వయింపవలసియున్నది.

మన పిల్లలనేకులు ఊరు విడిచి పట్టణపు అంచులలోని పేటలలో కాపురముండుచున్నారు. ఇచట మన గ్రామములందును చౌకధరల అంగడికి స్థలము చూపుమన్నప్పుడు పెద్దల మాట చెల్లును. అప్పుడు బాడుగ వచ్చు గోడను గాక, మూట నెత్తికెత్తుకొని చిట్టచివరి వాడకు నడువవలసిన వృద్ధురాలిని తలచుడు. ఆమె ఇంటినుండి అడుగులు లెక్కించి స్థలము నిర్ణయింపుడని నా మనవి.