ఈడొచ్చిన పిల్లలు, ఇంటి కట్టుబాట్లు: హాడో నుంచి ఒక చరిత్ర పాఠం

పదమూడేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వరకు ఉండే వయసుకు మన ఇళ్లలో ఏ మాట వాడుతున్నామో ఒకసారి గుర్తు చేసుకోండి. పుస్తకాల్లో కౌమారం అంటాం. ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. నిన్నటిదాకా "చిన్నపిల్ల", ఒక రోజు నుంచి "ఈడొచ్చిన పిల్ల". మగపిల్లవాడైతే "కుర్రాడు", సంపాదన మొదలు పెడితే "చేతికి అందొచ్చాడు". మధ్యలో ఉన్న ఆరేడేళ్లకు వాడుకలో పేరు లేదు. ఇప్పుడు అందరం వాడే "టీనేజ్" అన్నది అరువు మాట. "టీనేజర్" అన్న పదం అమెరికాలోనే 1940ల తరవాత గాని జనం నోట నానలేదు.

పేరు లేకపోవడానికి కారణం ఉంది. ఆ వయసును విడిగా గడిపే వీలు చాలామందికి ఉండేది కాదు. బాల్యం అయిపోగానే పని, లేదా పెళ్లి. పిల్లలు బడిలో ఎక్కువ కాలం ఉండడం మొదలయ్యాకే ఈ మధ్య వయసు ఒకటి ఉందని సమాజం గమనించింది. అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ 1904లో కౌమారం మీద రెండు సంపుటాల పెద్ద గ్రంథం రాశాడు. ఆ వయసంటేనే తుపాను అన్నట్టు వర్ణించాడు. 1928లో మార్గరెట్ మీడ్ అనే యువ మానవ శాస్త్రవేత్త సమోవా దీవుల్లోని ఆడపిల్లల గురించి రాస్తూ, అక్కడ ఈ వయసు ప్రశాంతంగానే గడుస్తున్నదని, తుపాను వయసులో లేదు, పెంపకంలో ఉందని వాదించింది. ఆమె చెప్పినదాన్ని డెరెక్ ఫ్రీమన్ 1983లో గట్టిగా ఖండించాడు. ఆ వాదం ఇంకా పూర్తిగా తెగలేదు. దీవుల్లో ఉండేవాళ్లకు ఈ తగాదా మరింత ఆసక్తిగా ఉంటుందని నా నమ్మకం.

మన చట్టాలు కూడా ఈ వయసును ఒకేసారి గుర్తించలేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ఆస్తి వ్యవహారాల వంటి వాటికి పద్దెనిమిదేళ్లను హద్దుగా పెట్టింది. కాని పెళ్లి విషయంలో ఆ హద్దు చాలాకాలం వర్తించలేదు. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైన శారదా చట్టం ఆడపిల్ల కనీస వివాహ వయసును పద్నాలుగేళ్లుగా నిర్ణయించింది. అది 1949లో పదిహేను, 1978లో పద్దెనిమిది అయింది. అంటే ఈనాటి అమ్మమ్మల పెళ్లిళ్ల కాలానికి పదిహేనేళ్ల పెళ్లి చట్టసమ్మతమే. "మా రోజుల్లో మేమేమైనా అడిగామా?" అని వాళ్లు అంటే, అది దెప్పిపొడుపు మాత్రమే కాదు, చారిత్రక సత్యం కూడా. అడగడానికి వాళ్లకు వ్యవధి ఎక్కడిది?

అడిగినవాళ్లు అసలు లేరా అంటే, ఉన్నారు. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పదిహేనేళ్లు వచ్చి, ఊహ తెలిశాక, ఆ కాపురానికి వెళ్లనని ఆమె ఇంట్లో చెప్పేసింది. ఆ రోజుల్లో ఇది ఎంత పెద్ద మాటో ఇప్పుడు ఊహించడం కష్టం. ఇరుగుపొరుగుల నోరు, బంధువుల నిష్ఠూరం ఎలాగూ తప్పవు. ఇక్కడ మనం గమనించవలసిన మనిషి దుర్గాబాయి ఒక్కతే కాదు. ఆమె తండ్రి రామారావు, ఆమె సోదరుడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఎనిమిదేళ్లకు పెళ్లి చేసింది ఆ ఇల్లే, పదిహేనేళ్లకు ఆ పిల్ల మాట విన్నదీ ఆ ఇల్లే. తండ్రి తన పాత నిర్ణయాన్నే పట్టుకు కూర్చోలేదన్నది నాకు అన్నిటికంటె పెద్ద విషయంగా తోస్తుంది.

అప్పటికే ఆ ఇంట్లో ఆ పిల్లకు కొంత చనువు ఉంది. తనకు వచ్చిన హిందీని ఇతర ఆడపిల్లలకు నేర్పడానికి ఆమె బడి నడిపింది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన ప్రదర్శనలో స్వచ్ఛంద సేవకురాలిగా గుమ్మం దగ్గర నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. అప్పుడామెకు పద్నాలుగేళ్లు. కాపురం గురించి నోరు విప్పే ధైర్యం ఏదో ఒక రాత్రి ఊడిపడలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. చిన్న చిన్న బాధ్యతలు చేతికిచ్చిన ఇంట్లో పిల్లలకు పెద్ద మాట చెప్పడం కూడా వస్తుంది. ఆమె తరవాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది, పట్టుబట్టి పై చదువులు, న్యాయశాస్త్రం చదివింది, రాజ్యాంగ సభలో సభ్యురాలైంది.

ఇక హాడో సంగతికి వద్దాం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, చాథం పక్కన, ఓడరేవును ఆనుకుని ఉన్న పేట ఇది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం, అంటే యాభై వేల పైచిలుకు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. చేపల వేట, రేవు పనులు, కూలి, చిన్న వ్యాపారం, తరవాత సర్కారు కొలువులు. మొదట వచ్చిన తరంలో పదిహేనేళ్లకే పడవ ఎక్కి సముద్రం మీదికి వెళ్లినవారు ఉన్నారు. సముద్రం మీద ప్రాణానికి తానే పూచీ పడిన ఆ కుర్రవాడే నేడు తాత. మనవడు రాత్రి ఏడింటికి స్నేహితుడి ఇంటికి వెళ్తానంటే, "వద్దురా" అంటాడు. ఆ తాతకు ఆ వయసులో స్వేచ్ఛ ఉంది, దాని వెంట బరువు కూడా ఉంది. మనవడికి బరువు చదువు ఒక్కటే, స్వేచ్ఛ మాత్రం పరీక్షలయ్యాక చూద్దాం అంటారు.

ఇక్కడ ఒక భౌగోళిక చిక్కు కూడా ఉంది. సైన్సు పాఠాలు చెప్పేవాణ్ణి గనక దాన్ని వదలలేను. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. హాడో దాదాపు 92.7 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడికి 41 నిమిషాలు ముందు వస్తాడు, అంతే ముందు వెళ్లిపోతాడు. నవంబరు చివరిలో ఇక్కడ సాయంత్రం 5 గంటలలోపే సూర్యాస్తమయం అవుతుంది. అదే రోజున హైదరాబాదులో ఇంచుమించు 5.40కి. "దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాలి" అన్న కట్టుబాటు ఆంధ్ర తీరం నుంచి ఓడలో ఇక్కడికి వచ్చింది. ఆ తీరంలో బడి విడిచాక ఆటకు కాస్త పొద్దు మిగిలేది. ఇక్కడ అదే నియమం ఆ పొద్దులో చాలా భాగాన్ని మింగేసింది. నియమాన్ని సూర్యుడికి బదులు గడియారానికి కట్టితే ఇంట్లో సగం గొడవ తగ్గుతుందేమో. ఆడపిల్లల విషయంలో వీధి దీపాల ప్రశ్న కూడా ఉందనుకోండి, అది తల్లిదండ్రులు ఒక్కరే తీర్చగలిగేది కాదు.

ఉదయం కథ మరొకటి. కౌమారంలో మెదడులో నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ అనే రసాయనం రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. అందువల్ల వాళ్లకు నిద్ర ఆలస్యంగా పడుతుంది, మెలకువా ఆలస్యంగానే వస్తుంది. జూన్ మొదట్లో హాడోలో తెల్లవారు జామున 5 గంటలలోపే సూర్యోదయం. పొద్దెక్కినా లేవలేదని తల్లి కేకలేసే వేళకు గడియారంలో ఆరున్నర కూడా కాదు. దీన్ని సోమరితనమంటే ఆ పిల్లవాడికి అన్యాయం చేసినట్టే.

పెద్దల భయానికి మాత్రం ఆధారం లేదా? ఉంది. 1999లో జే గీడ్, ఆయన సహచరులు మెదడు చిత్రాల ఆధారంగా చూపినదేమంటే, ముందుచూపుకు, నిగ్రహానికి అవసరమైన ముందరి భాగం కౌమారమంతా మారుతూనే ఉంటుంది. ఆ మార్పు ఇరవై దాటినా కొనసాగుతుందని తరవాతి పరిశోధనలు తెలిపాయి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ జరిపిన ప్రయోగంలో, కారు నడిపే ఆటలో స్నేహితులు పక్కన ఉన్నప్పుడు కౌమార వయస్కులు ఒంటరిగా ఉన్నప్పటికంటె ఎక్కువ సాహసాలకు దిగారు. కనుక "నువ్వు మంచివాడివే, నీ జట్టును చూస్తేనే భయం" అనే తల్లి మాటను కొట్టిపారేయడానికి లేదు.

అయితే హాడోలో ఆ భయానికి గడువు చాలా తక్కువ. పై చదువులకు ఎంతోమంది పిల్లలు పదిహేడు, పద్దెనిమిదేళ్లకు ప్రధాన భూభాగానికి వెళ్తారు. రేవులో ఓడెక్కితే చెన్నైకో విశాఖకో రెండు, మూడు రోజుల ప్రయాణం. నిన్నటిదాకా అబెర్డీన్ బజారుకు ఒంటరిగా పంపని పిల్లను ఆ నిచ్చెన మెట్ల దగ్గర ఒక్కసారిగా పూర్తి స్వేచ్ఛలోకి వదులుతున్నాం. డబ్బు లెక్క, స్నేహాల ఎంపిక, కాదని చెప్పవలసిన చోట కాదనడం, ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? తప్పు చేసినా సర్దుకోగలిగేంత దగ్గరలో అమ్మానాన్నలు ఉన్నప్పుడే కదా. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక ఇంటర్నెట్ వేగం పెరిగి, లోకమే ఇంట్లోకి వచ్చేసింది. గుమ్మం దగ్గర కాపలా ఉండే పెంపకానికి అప్పటి నుంచి అర్థం మారింది.

ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన, భారతదేశం 1992 డిసెంబరులో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో పన్నెండవ అధికరణం ఉంది. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వారి అభిప్రాయం వినాలని, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలని అది చెబుతుంది. పిల్లలు అడిగిందల్లా ఇవ్వమని చెప్పదు. పదహారేళ్లు వచ్చిన కొడుకును స్నేహితుడిలా చూడమన్న పాత నీతి మనకూ ఉంది, కాకపోతే అందులో కూతురి ప్రస్తావన లేదు. పదో తరగతి తరవాత సైన్సా, కామర్సా, ఆర్ట్సా అని ఎంచుకునే రోజున హాడో ఇళ్లలో ఈ అధికరణానికి పరీక్ష జరుగుతుంది. ఆ దరఖాస్తు నింపేటప్పుడు కలం ఎవరి చేతిలో ఉంటుందో, ఈసారి మీ ఇంట్లో గమనించండి.