పట్టా లేని రైతులు: మహిళలు, భూమి, వాతావరణ అనుకూల సేద్యం

విత్తనం దాచడం, నాట్లు వేయడం, కలుపు తీయడం వంటి పనుల్లో అధిక భాగం మహిళలే చేస్తారు. అయినా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో మహిళల నిర్వహణలో ఉన్నవి సుమారు 14 శాతమే. వాతావరణ మార్పును తట్టుకొనే సేద్యం వైపు మహిళా చిన్న రైతులు మళ్ళకపోవడానికి అవగాహన లోపమే కారణమని తరచుగా చెబుతారు. చరిత్రను పరిశీలిస్తే అంతకంటే బలమైన అవరోధం భూమి హక్కు లేకపోవడమని తెలుస్తుంది.

చట్టాల నేపథ్యం

1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కుమార్తెకు వాటా ఇచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కుమారులకే మిగిలింది. ఆంధ్రప్రదేశ్ 1985 సవరణ ఆ హక్కును కుమార్తెలకూ కల్పించింది. అయితే అప్పటికే వివాహమైనవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం ఇటువంటి సవరణనే తెచ్చింది. చట్టం మారినా, కట్నంతోనే వాటా తీరిపోయిందన్న మాటకు తలొగ్గి, పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో హక్కు అడగని మహిళలు ఎందరో ఉన్నారు.

సేద్యంపై ప్రభావం

పశువుల ఎరువు వేసి, పంటలు మార్చి నేల సారం పెంచడానికి కొన్నేళ్ళు పడుతుంది. భూమి తనది కానప్పుడు ఏ పంట వేయాలో నిర్ణయించే అధికారం ఆమెకు ఉండదు. ఏడాది కౌలుకు తీసుకున్న పొలంలో అంత శ్రమ పెట్టడం నష్టమే. బ్యాంకు రుణానికీ పట్టాయే ఆధారం. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారులకే అందింది.

జహీరాబాద్ అనుభవం

1983లో జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. ఇందులోని మహిళా సంఘాల సభ్యులలో అధికులు దళిత మహిళలు. ప్రభుత్వ భూమి కొనుగోలు పథకాన్ని వినియోగించుకొని కొందరు తమ పేరున భూమి పొందారు. మరికొందరు కలిసి కౌలుకు తీసుకొని ఉమ్మడిగా సాగు చేశారు. ఆ నేలల్లో జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాలను కలిపి పండించారు. ఒక పంట ఎండినా మరొకటి దక్కేది. విత్తనాలను తామే నిల్వ చేసుకున్నారు. 1990లలో బీడు భూములను సాగులోకి తెచ్చి, ఆ జొన్నలతో గ్రామస్థాయి ధాన్య నిధులు నడిపారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

ఇక్కడ క్రమాన్ని గమనించండి. కరవును తట్టుకొనే పంటల పరిజ్ఞానం ఆ మహిళలకు ముందే ఉంది. భూమిపై నిర్ణయాధికారం దక్కిన తరువాతే అది పొలంలో ఫలించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ గ్రామంలో మహిళల పేరున పట్టా ఉన్న కుటుంబాలలో పంట ఎంపికను ఎవరు నిర్ణయిస్తున్నారు? పరిశీలించి పది పంక్తులలో రాయండి.