శిస్తు నుంచి మినహాయింపు దాకా: కామారెడ్డి, ఎల్లారెడ్డి చెప్పే పన్ను కథ

వ్యవసాయ ఆదాయానికి పన్ను వేయాలా వద్దా అన్న వాదం బడ్జెట్ రోజుల్లో లేస్తుంది, నెల తిరక్కుండానే సద్దుమణుగుతుంది. ఉద్యోగికి జీతం చేతికి రాకముందే పన్ను కోసేస్తారు, వందెకరాల ఆసామి జోలికి మాత్రం ఎవరూ పోరు అని ఒకరంటారు. తరతరాలుగా రాజ్యాన్ని సాకింది రైతే, వాణ్ని ఇంకా పిండడమేమిటని మరొకరంటారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల రెవెన్యూ చరిత్ర చూస్తే రెండు మాటల్లోనూ నిజముంది. అయితే ఇద్దరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఇక్కడ పన్ను వేసిందీ భూమిని చూసే, మానేసిందీ భూమిని చూసే. ఆ భూమి మీద ఎవరికెంత మిగిలిందన్నది ఏ కాలంలోనూ సరిగా లెక్కకు రాలేదు.

1853లో మొదటి సాలార్‌జంగ్ హైదరాబాద్ దివాన్ అయ్యేనాటికి శిస్తు వసూలు గుత్తేదార్ల చేతుల్లో ఉండేది. పాట పాడుకున్నవాడు పాడినదానికి మించి రాబట్టుకోవడమే పద్ధతి. సాలార్‌జంగ్ ఆ గుత్తలను తగ్గించి, 1865లో జిల్లాలు ఏర్పరచి, జీతగాళ్లైన అధికారులను నియమించాడు. ఆ తర్వాత సర్వే, బందోబస్తు వచ్చాయి. పొలాలను కొలిచి, ఖుష్కి (మెట్ట), తరి (మాగాణి), బాగాత్ (తోట) అని విడగొట్టి, నేల సత్తువను బట్టి ఎకరానికి ఇంతని దర కట్టారు. 1905లో ఇందూరు జిల్లా నిజామాబాద్ జిల్లాగా మారింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పట్లో అందులో తాలూకాలు. సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసే ఖాల్సా గ్రామాల రైతుకు తాను కట్టాల్సింది ఎంతో ముందే తెలిసింది. గుత్తల కాలంతో పోలిస్తే అది చిన్న మేలేమీ కాదు.

కానీ ఆ దర మనిషిని చూడలేదు. రెండెకరాలవాడికీ రెండువందల ఎకరాలవాడికీ ఒకే రకం నేలకు ఒకే దర. ఇంత లోపు ఆదాయముంటే శిస్తు లేదన్న హద్దు లేదు. పైగా ఈ పద్ధతి రాజ్యమంతటికీ వర్తించలేదు. రాజ్యంలో దాదాపు అరవై శాతం భూమి దివానీ (ఖాల్సా) కింద, ముప్పై శాతం జాగీర్దార్ల చేతిలోని జాగీర్ల కింద, పది శాతం నిజాం సొంత సర్ఫెఖాస్ కింద ఉండేది. దోమకొండ లాంటి సంస్థానాలు నిజాంకు పేష్కష్ (కప్పం) కట్టి తమ గ్రామాల్లో తామే వసూలు చేసుకునేవి. ఏ ఊళ్లో పుట్టాడన్నదాన్ని బట్టే రైతు మీది భారం మారేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సర్కారు తప్పనిసరిగా సేకరించిన లేవీ ధాన్యం విషయంలోనూ భారం సమానంగా పడలేదు. పెద్ద భూస్వాముల గాదెలు భద్రంగా ఉండగా, తిండిగింజలు మిగలని చిన్న రైతు నుంచి లేవీ లాక్కున్నారు.

పక్కనే బ్రిటిష్ ఇండియాలో కథ మరో దారి పట్టింది. 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చిన ఆదాయపు పన్ను భూమి ఆదాయాన్ని కూడా కలుపుకొంది. 1886 చట్టం మాత్రం వ్యవసాయ ఆదాయాన్ని వదిలేసింది. భూమి ఇప్పటికే శిస్తు కడుతోంది కదా అన్నది దానికి చెప్పిన ముఖ్య కారణం. ఈ ఏర్పాటులోని అన్యాయాన్ని 1927లో బొంబాయి శాసనమండలి బడ్జెట్ చర్చలో అంబేడ్కర్ ఎత్తిచూపారు. ఆదాయపు పన్నులో చిన్న సంపాదనకు మినహాయింపు ఉంది, సంపాదన పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. శిస్తులో ఆ రెండూ లేవు, పేద రైతైనా కట్టక తప్పదు అన్నది ఆయన వాదం. ఆ మాట ఎల్లారెడ్డి ఖుష్కి రైతుకూ అక్షరాలా సరిపోతుంది.

హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత మార్పులు వేగంగా వచ్చాయి. 1949లో సర్ఫెఖాస్ దివానీలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత ఆదాయపు పన్ను చట్టం హైదరాబాద్ రాష్ట్రానికీ వర్తించింది. రాజ్యాంగం వ్యవసాయ ఆదాయం మీది పన్నును రాష్ట్రాల జాబితాలో పెట్టింది. 1950లో హైదరాబాద్ రాష్ట్రం వ్యవసాయ ఆదాయపు పన్ను చట్టం కూడా చేసింది. నేడు తెలంగాణలో అలాంటి పన్ను లేదు. శిస్తు కూడా నామమాత్రమై పోయింది. మినహాయింపుకు చెప్పిన కారణం పోయినా మినహాయింపు నిలిచింది.

దాని ఫలితం చెరుకు తోటలో చూడొచ్చు. అడ్లూర్ ఎల్లారెడ్డి దగ్గరి మిల్లుకు చెరుకు తోలిన రైతు ఆదాయం వ్యవసాయ ఆదాయమే, పన్ను లేదు. అదే చెరుకును బెల్లం వండి కామారెడ్డి మార్కెట్‌కు తెస్తే చిక్కు మొదలవుతుంది. పంటను అమ్మకానికి తగినట్టు చేయడానికి రైతులు మామూలుగా చేసే పని వరకే చట్టం మినహాయిస్తుంది. చెరుకుకు చెరుకుగానే గిరాకీ ఉన్నచోట, బెల్లం వండగా వచ్చిన అదనపు లాభం ఆ గీత దాటిందనవచ్చు. మరోవైపు, భూమిని కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉండే పట్టాదారుకు వచ్చే కౌలు సొమ్ము చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే. నాగలి పట్టనివాడికి పూర్తి మినహాయింపు, పొయ్యి దగ్గర నిలబడి బెల్లం వండినవాడికి తగాదా.

సరిదిద్దే ప్రయత్నాలు జరగకపోలేదు. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద కమతాల మీద, నేల, వాన, పంటలను బట్టి విలువ కట్టి, విలువ పెరిగేకొద్దీ రేటు పెంచే పన్ను సూచించింది. ఏ రాష్ట్రమూ ముందుకు రాలేదు. వేరే ఆదాయం కూడా ఉన్నవారి విషయంలో వ్యవసాయ ఆదాయాన్ని రేటు నిర్ణయానికి కలిపి చూడాలన్న ఆ కమిటీ సూచన మాత్రం 1973లో అమలైంది. 2017లో నీతి ఆయోగ్ సభ్యుడు బిబేక్ దేబ్రాయ్ ఒక పరిమితి దాటిన వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేయవచ్చనగానే, ఆ ఆలోచన లేదని ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ ప్రకటించారు.

ఈలోగా డబ్బు ఎదురు దిక్కున, సర్కారు నుంచి పొలానికి పారడం మొదలైంది. అక్కడా పాత అలవాటే. 2018లో మొదలైన రైతుబంధు ఎకరాల లెక్కన పట్టాదారుకు చేరింది; దానికి గరిష్ఠ పరిమితి ఉండేది కాదు, కౌలుదారుకు చోటు దక్కలేదు. 2019లో వచ్చిన పీఎం కిసాన్ ఆదాయపు పన్ను కట్టినవారిని పక్కన పెట్టింది. అయితే వ్యవసాయ ఆదాయం ఎంతున్నా పన్ను లేదు గనుక, సేద్యం మీదే బతికే పెద్ద రైతుకు ఆ నిబంధన తగలదు.

నిన్నటి శిస్తు అడుగునున్నవాణ్ని వదల్లేదు, నేటి మినహాయింపు పైనున్నవాణ్ని ముట్టదు. రెంటికీ మూలం మనిషిని వదిలి పట్టాను చూడడమే. కనుక పన్ను న్యాయం కోరేవారు రైతుకు పన్ను వేయాలా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే లాభం లేదు. భూమిపై వచ్చే కౌలూ దిగుబడీ ఎవరి చేతికి ఎంత చేరుతున్నాయో రాసిపెట్టే లెక్క ముందు కావాలి. కౌలుదారు పేరు కాగితం మీదికి ఎక్కనంత కాలం ఆ లెక్క తేలదు. అది తేలకుండా పన్ను వేసినా, సాయం ఇచ్చినా, న్యాయం పట్టా దగ్గరే ఆగిపోతుంది.