మదనపల్లె బాణీ: కట్టిందెవరు, రాసుకుందెవరు?

తడలో బడిపిల్లలు పాడే జనగణమనకీ, సరిహద్దు దాటగానే తగిలే ఆరంబాకంలో వినిపించే జనగణమనకీ పలుకుబడిలో కాస్త తేడా ఉంటుంది. తమిళ నోట కొన్ని ఒత్తులు కరిగిపోతాయి. మన నోట ‘విధాత’ నిండుగా పలుకుతుంది. అదే కలకత్తా వాళ్ళు ఎత్తుకుంటే ‘జనగణ’ కాస్తా ‘జొనోగొనో’ అవుతుంది. బాణీ మాత్రం ఎక్కడా వెంట్రుకవాసి కదలదు. దేశం నాలుగు చెరగులా ఇలా ఒకే తీరున నిలిచిన ఆ బాణీ ఎవరిది?

మా వైపు ఈ ప్రశ్నకు జవాబు తడుముకోకుండా వస్తుంది. “మన మదనపల్లెలోనే కదండీ, ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక దొరసాని కట్టింది” అంటారు. ఆ దొరసాని పేరు మార్గరెట్ కజిన్స్. ఆగస్టు 15 వచ్చినా జనవరి 26 వచ్చినా వేదికల మీద ఈ మాట వినిపిస్తుంది, ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. ఉత్తరాదిన అడిగితే ఆజాద్ హింద్ ఫౌజ్ సంగీతకారుడు రామ్‌సింగ్ ఠాకురీ పేరు చెప్పేవాళ్ళు దొరుకుతారు. బ్యాండు సంగీతం తెలిసినవాళ్ళు హెర్బర్ట్ మరిల్ అనే ఇంగ్లీషు సంగీతకర్తను తలుచుకుంటారు. బెంగాలీలకైతే అసలు సందేహమే లేదు, పాట రవీంద్రుడిదైతే బాణీ మాత్రం ఇంకెవరిదవుతుంది అంటారు. నాలుగు పేర్లు, ఒక్క బాణీ. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ముడి చాలావరకు వీడుతుంది. వీడాక మిగిలే కొస మాత్రం మదనపల్లెలోనే ఉంది.

సులువైనవి ముందు తేల్చేద్దాం. హెర్బర్ట్ మరిల్ ఈ కథలోకి వచ్చింది స్వాతంత్ర్యం వచ్చాక. ఉన్న బాణీని పెద్ద వాద్యబృందం వాయించడానికి వీలుగా నడక పెంచి అమర్చాడు. అది అప్పటికే ఉన్న పాటకు కుట్టిన దుస్తు. రామ్‌సింగ్ సంగతి ఇంకా తేలిక. ఆయన పుట్టిందే 1914లో. ‘జనగణమన’ కలకత్తా కాంగ్రెస్ మహాసభలో 1911 డిసెంబరు 27న జనం ముందు పాడారు. ఆయన నిజంగా చేసిన పని వేరే ఉంది, దానికి ఆయనకు దక్కాల్సిన గౌరవం దక్కాల్సిందే. 1943లో నేతాజీ తాత్కాలిక ప్రభుత్వం కోసం ‘శుభ్ సుఖ్ చైన్’ అనే హిందుస్తానీ గీతం తయారైనప్పుడు దానికి సంగీతం కూర్చింది ఆయనే. ఆ గీతం జనగణమన ఒరవడిలోనే నడుస్తుంది కాబట్టి రెండూ కలగలిసిపోయాయి. అంతకు ఏడాది ముందే, 1942 సెప్టెంబరు 11న, జర్మనీలోని హాంబుర్గ్‌లో సుభాష్ చంద్రబోస్ ఉన్న సభలో వాద్యబృందం జనగణమననే జాతీయగీతంగా వాయించింది. బాణీ అప్పటికే ఖండాలు దాటింది.

ఇక మిగిలింది రెండు పేర్లు, రెండు ఊళ్ళు: 1911 నాటి కలకత్తా, 1919 నాటి మదనపల్లె.

కలకత్తా ఆధారం చిన్నదే కానీ బరువైనది. మహాసభలో ఆ పాటను ఒక్కరు చదవలేదు, బృందంగా పాడారు. మరుసటి నెలలోనే, 1912 జనవరిలో, ‘తత్త్వబోధిని పత్రిక’ దాన్ని ‘భారత భాగ్య విధాత’ పేరుతో బ్రహ్మసంగీతంగా అచ్చు వేసింది. బ్రహ్మసంగీతం అంటే బ్రహ్మసమాజపు ప్రార్థనా సభల్లో పాడుకునే పాట. పదిమంది ఒక్క గొంతుతో పాడాలంటే బాణీ ముందే కుదిరి, సాధన జరిగి ఉండాలి. పైగా రవీంద్రుడు మాట ఒకచోట, పాట ఒకచోట పెట్టే మనిషి కాదు. తన పాటలకు చాలావరకు తానే బాణీ కట్టుకునేవాడు.

మరి 1919లో మదనపల్లెలో ఏం జరిగింది? దానికి ముందు మార్గరెట్, ఆమె భర్త జేమ్స్ ఎవరో తెలియాలి. ఎందుకంటే వాళ్ళ వెనక ఉన్న ఐర్లాండే ఈ చిక్కులో అసలు తాళంచెవి అని నా నమ్మకం.

జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్‌లో 1873లో పుట్టిన కవి. మార్గరెట్ 1878లో రాస్‌కామన్ ప్రాంతంలోని బాయిల్ అనే ఊళ్ళో పుట్టింది, డబ్లిన్‌లో సంగీతం నేర్చి 1902లో పట్టా అందుకుంది. వాళ్ళది ఐర్లాండ్ తనను తాను తిరిగి తవ్వుకుంటున్న కాలం. 1884 నవంబరు 1న థర్ల్స్ పట్టణంలో ఒక హోటల్ గదిలో మైకేల్ క్యూసాక్ తదితరులు కూర్చుని గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు. కర్రతో బంతిని గాల్లోనే బాదుతూ పరిగెత్తే హర్లింగ్ అప్పటికి చాలాచోట్ల చితికిపోయి ఉంది. ఇంగ్లీషు ఆటల కింద నలిగిపోకుండా దానికి నియమాలు రాసి, ఊరూరా జట్లు కట్టించారు. 1893లో డగ్లస్ హైడ్ ఆధ్వర్యంలో గేలిక్ లీగ్ భాషను పట్టుకుంది. 1897లో డబ్లిన్‌లో సంగీతోత్సవాలు మొదలయ్యాయి. జేమ్స్ స్వయంగా ఐరిష్ నాటకోద్యమంలో నాటకాలు రాశాడు. మార్గరెట్ 1908లో ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం సంఘం పెట్టినవారిలో ఒకరు, దానికోసం జైళ్ళకు వెళ్ళింది. పరాయి పాలనలో ఆట, పాట, భాష జారిపోతాయనీ, వాటిని నిలబెట్టాలంటే ముందు కాగితం మీద పెట్టుకోవాలనీ ఆ తరానికి ఒంటబట్టిన పాఠం.

1915లో అనిబిసెంట్ పిలుపు మీద వాళ్ళు మద్రాసు వచ్చారు. మరుసటి ఏడాది డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. అందులో ప్రాణాలిచ్చిన కవులను మెచ్చుకుంటూ రాసినందుకు జేమ్స్ తాను పనిచేస్తున్న ‘న్యూ ఇండియా’ పత్రిక నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. అలా చేరింది మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు. అక్కడ ఆయన ప్రిన్సిపాల్. 1919 ఫిబ్రవరి చివరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రుడు ఆ కళాశాలలో కొద్దిరోజులు విశ్రాంతికి ఆగాడు.

రాత్రి భోజనాలయ్యాక పిల్లలు, పెద్దలు చేరి పాటలు పాడుకునే అలవాటు ఆ ప్రాంగణంలో ఉండేది. ఇది ఐర్లాండ్ పల్లెల్లో ‘కేలీ’ అని పిలిచే సాయంకాలపు కూడికకు దగ్గరి చుట్టం. పొయ్యి చుట్టూ ఇరుగుపొరుగు చేరతారు, ఒకరు కథ చెబుతారు, ఒకరు ఫిడేలు తీస్తారు, ఒకరు పాట ఎత్తుకుంటారు. పల్లవి రాగానే గదిలో ఉన్నవాళ్ళంతా గొంతు కలుపుతారు. మా తీరంలో వల లాగేటప్పుడు ఒకరు పదం అందిస్తే తాడు పట్టిన అందరూ “ఐలేసా” అని అందుకున్నట్టే. మదనపల్లెలో అలాంటి ఒక రాత్రి రవీంద్రుడు తానే ఒక పాట పాడతానన్నాడు.

తర్వాతి సంగతి జేమ్స్ తమ ఇద్దరి ఆత్మకథ ‘వి టూ టుగెదర్’లో చెప్పాడు. అంత భారీ మనిషి గొంతు అంత సన్నగా ఉండటం ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. మొదటి చరణం దేశాలు, కొండలు, నదుల పేర్లతో భూగోళ పాఠంలా తోచింది. రెండో చరణంలో మతాల పేర్లు వచ్చాయి. కానీ ‘జయహే’ దగ్గరికి రాగానే అందరి చెవులూ నిక్కాయి. రెండోసారికి గొంతులు సవరించుకున్నారు. మళ్ళీ పాడమని, మళ్ళీ పాడమని అడిగి, కాసేపట్లోనే అంతా కలిసి హుషారుగా పాడేశారు.

చిక్కుముడి వీడేది ఇక్కడే. ఈ పుస్తకం 1950లో మద్రాసులో అచ్చయింది. ఆ ఏడాదే, జనవరి 24న, ఆ పాట జాతీయగీతం అయింది. భార్య పేరును దేశచరిత్రలో నిలబెట్టుకోవడానికి ఒక భర్తకు అంతకు మించిన అదను ఉండదు. అయినా ఆయన చెప్పిన కథలో బాణీ రవీంద్రుడి గొంతులోంచే వచ్చింది, వింటున్నవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. ప్రత్యక్ష సాక్షి, తన ఇంటి మనిషి వైపు మొగ్గడానికి కారణమున్న సాక్షి, ఆ వైపు మొగ్గలేదు. నాకు ఇంతకంటే బలమైన సాక్ష్యం కనబడలేదు.

అయితే మదనపల్లెకు ఒక కాగితం ఉంది. 1919 ఫిబ్రవరి 28 తేదీతో, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ పేరుతో, రవీంద్రుడు స్వహస్తాలతో చేసిన ఇంగ్లీషు అనువాదం. పాట అర్థం తమకూ తెలియాలని అక్కడివాళ్ళు కోరితే చేసిచ్చింది. ఇదే పేచీకి మూలమైంది. తేదీ ఉంది, సంతకం ఉంది, ఊరి పేరు ఉంది. జనగణమన ‘మదనపల్లెలో పుట్టింది’ అనడానికి ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ కాగితం మాటలకు సాక్షి. బాణీ గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

చెవి చెప్పే సాక్ష్యం కూడా ఒకటుంది. “పాట వింటే బ్యాండు మేళంలా ఉంటుంది, పడమటి సంగీతం వచ్చినవాళ్ళే కట్టి ఉంటారు” అనేవాళ్ళను నేను విన్నాను. పాటను కొంచెం దగ్గరగా చూద్దాం. ‘జన’ దగ్గర స, రి. ఆపైన ‘గణమన’ నుంచి గాంధారం మీదే నిలబడి, ‘జయహే’ చివర మధ్యమం తాకుతుంది. నాలుగు స్వరాల ఇరుకు చోటులో ఒక పాదం మొత్తం. అందుకే పాడటం రానివాళ్ళ నోటా పలుకుతుంది. దీన్ని అల్హయ్యా బిలావల్ రాగం అంటారు హిందుస్తానీ వాళ్ళు. బిలావల్ మేళం స్వరాలే మన శంకరాభరణం స్వరాలు, అవే పడమటి వాళ్ళ మేజర్ స్కేలు. అంటే పియానో మెట్ల మీద ఈ పాట పెద్దగా గాయపడకుండా కూర్చుంటుంది. పడమటి వాసన ఎక్కడిదో కాదు, ఆ మేళం ఉమ్మడి ఆస్తి. ‘మరాఠా’ దగ్గర మాత్రం ఒక్క క్షణం ప్రతిమధ్యమం తొంగిచూసి, ‘ద్రావిడ’ దగ్గర శుద్ధమధ్యమం వచ్చేస్తుంది. రెండు మధ్యమాలనూ పక్కపక్కన పలికించడం హిందుస్తానీ గాయకులకు బాగా అలవాటు. ఇది ఒక్కటే తీర్పు చెప్పదు, పడమటి పాటల్లోనూ అలాంటి స్వరం దారిలో తగలొచ్చు. మిగతా ఆధారాలతో మాత్రం కలిసొస్తుంది.

అయితే మార్గరెట్ చేసిందేమిటి? ఆమె విన్నది రాసుకుంది. పడమటి పద్ధతిలో స్వరలిపి తయారుచేసి, పిల్లలంతా ఒకే తీరులో పాడేలా నేర్పింది. “ఇంతేనా?” అనిపిస్తే, ఐర్లాండ్ వైపు ఒకసారి చూడాలి.

1792 జూలైలో బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ వాయిద్యకారుల మేళా జరిగింది. వచ్చిన ఐరిష్ విద్వాంసులు పదిమంది. చాలామంది ముసలివాళ్ళు, అంధులు. శిష్యులు కరువై విద్య వాళ్ళతోనే పోయేలా ఉంది. వాళ్ళు వాయిస్తుంటే రాసుకోవడానికి ఎడ్వర్డ్ బంటింగ్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి పెట్టారు. అతను రాసుకున్నందుకే ఆ బాణీలు ఇవాళ ఉన్నాయి. అచ్చులో పియానోకు సర్దేటప్పుడు వాటి రూపు కొంత మార్చాడన్న నింద కూడా మోశాడు. ఆ తర్వాతి కథ ఇంకా దగ్గరది. లిమవాడీ ఊళ్ళో జేన్ రాస్ అనే ఆవిడ ఒక బాణీ రాసుకుని జార్జ్ పెట్రీకి ఇచ్చింది. 1855లో ఆయన సంకలనంలో అది అచ్చయింది. వాయించినవాడి పేరు ఆవిడ రాయలేదు. దాంతో “అసలు ఈవిడే కట్టిందేమో” అన్న అనుమానం పుట్టి ఇప్పటికీ చావలేదు. ఆ బాణీకే 1913లో ఫ్రెడరిక్ వెదర్లీ అనే ఇంగ్లీషు న్యాయవాది మాటలు కలిపితే ‘డానీ బాయ్’ అయింది. రాసుకున్న ఆడమనిషే కట్టిందేమో అన్న అనుమానానికి మదనపల్లెకు అరవై ఏళ్ళ ముందే ఐర్లాండ్‌లో బీజం పడింది. మనకు తేడా ఏమిటంటే, ఇక్కడ పాడినవాడెవరో అందరికీ తెలుసు.

రాసుకోవడం ఎంత పని చేస్తుందో తర్వాతి చరిత్రే చూపింది. కళాశాల ఆ పాటను తన ప్రార్థనగా పెట్టుకుంది. 1937లో జాతీయగీతం ఏది కావాలన్న రగడ నడుస్తున్నప్పుడు జేమ్స్ కజిన్స్ ఒక మద్రాసు పత్రికకు రాస్తూ, సుమారు ఇరవై ఏళ్ళుగా అనధికారికంగా ఉన్నదాన్నే అధికారికం చేయమని కోరాడు. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సభలో మన గీతం వాయించాల్సి వచ్చినప్పుడు మనవాళ్ళ దగ్గరున్న జనగణమన రికార్డు ఇచ్చారు. అక్కడి వాద్యబృందం అది విని సాధన చేసి వాయిస్తే నలుగురూ మెచ్చుకున్నారు. 1948 ఆగస్టు 25న రాజ్యాంగసభలో నెహ్రూ ఈ సంగతి చెప్పి, జాతీయగీతానికి మాటలకంటే బాణీ, అది వాద్యాల మీద పలికే తీరు ముఖ్యమన్నాడు. పరాయి దేశపు బ్యాండు కూడా వాయించగలగడం జాతీయగీతం ఏదన్నది తేల్చే సంగతుల్లో ఒకటైంది. పిల్లల కోసం స్వరలిపి గీతలు గీసిన మనిషి ఆ అవసరాన్ని దాదాపు మూడు దశాబ్దాల ముందే తీర్చిచూపింది.

ఆమె జీవితం ఈ ఒక్క పాటతో ముగియలేదు. 1917లో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టినవారిలో ఆమె ఉంది. 1927లో అఖిల భారత మహిళా సదస్సు వెనకా ఉంది. తూర్పు పడమర సంగీతాలను పక్కపక్కన పెట్టి 1935లో ఒక పుస్తకం రాసింది. అంతకు ముందు, 1932లో అణచివేత చట్టాలను ఎదిరించి మాట్లాడినందుకు ఏడాది శిక్ష పడి వేలూరు జైలుకు వెళ్ళింది. 1954లో అడయారులో కన్నుమూసింది. జేమ్స్ 1956లో మదనపల్లెలోనే పోయాడు.

కాబట్టి మా పక్క బళ్ళలో ఈసారి ఎవరైనా మైకు పట్టుకుని ‘జనగణమన బాణీ కట్టిన ఐర్లాండ్ వనిత’ అంటే, టీచర్లు లేచి ఆ వాక్యాన్ని సరిచేయాలని కోరుకుంటున్నాను. బాణీ రవీంద్రుడిది. దాన్ని విని, పట్టుకుని, కాగితం మీద పెట్టి, మన పిల్లలకు నేర్పింది మార్గరెట్ కజిన్స్. ఆమె పేరు తీసేయమని కాదు, సరైన పని పక్కన రాయమని.